డీఎస్సీ పూర్తయినా మా మండలంలో టీచర్లు ఎందుకు చాలడం లేదు?

"డీఎస్సీలో వేలమందిని తీసుకున్నారు కదా, మా మండలంలో బడులకు ఇంకా టీచర్లు ఎందుకు చాలడం లేదు? రాష్ట్రమంతటా అర్హులను తీసుకుని, వాళ్లు నిలిచేలా చేయాలంటే ప్రభుత్వం ఏం చేయాలి?" అని మీరు అడిగారు. నేను టీచరుగా చేరి, తర్వాత చాలా ఏళ్లు మండల, జిల్లా విద్యాశాఖ కార్యాలయాల్లో పనిచేశాను. ఖాళీల జాబితాలు తయారుచేశాను, బదిలీల కౌన్సెలింగుల్లో కూర్చున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటి సంగతీ కలిపే చెబుతాను, రెండు చోట్లా చిక్కు దాదాపు ఒకటే.

అర్హులు దొరకడం లేదన్న మాట చాలావరకు నిజం కాదు. 2025లో ఏపీ మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు జరిగితే 3.3 లక్షలమందికి పైగా దరఖాస్తు చేశారు. చివరికి ఎంపికైనవాళ్లు 15,941 మంది. మిగిలిన 406 పోస్టులు కొన్ని కేటగిరీల్లో అర్హులు లేక ఆగాయి. తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టులకు జరిగింది. అక్కడా పోటీ ఇంతే, ఒక్కో పోస్టుకు ఇరవై మందికి పైగా. ఏళ్ల తరబడి కోచింగుల్లో కూర్చుని, టెట్ (టీచరు అర్హత పరీక్ష) రాసి, మళ్లీ రాసి, వయోపరిమితి దాటిపోతుందేమోనని భయపడే పిల్లలు మన రెండు రాష్ట్రాల్లో లక్షల్లో ఉన్నారు. అర్హులు కావలసినంతమంది ఉన్నారు. మీ ఊరి బడిలో మాత్రం లేరు.

ఈ తేడా ఎందుకు వస్తుందో తెలియాలంటే ఖాళీని ఎక్కడ లెక్కబెడుతున్నామో చూడాలి. రాష్ట్రస్థాయి సమీక్షల్లో వినిపించేది రాష్ట్రం మొత్తం మీద ఎంత శాతం ఖాళీ అన్నదే. విద్యాహక్కు చట్టం అలా చెప్పలేదు. 26వ సెక్షన్ ప్రకారం ఏ బడిలోనైనా ఖాళీలు ఆ బడికి మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదు. లెక్క బడిది, జిల్లాది కాదు. రెండు పోస్టులున్న ప్రాథమిక పాఠశాలలో ఒకటి ఖాళీ అయితే అది 50 శాతం. జిల్లా సగటులో అది కనిపించనే కనిపించదు. 2024-25 యూడైస్ ప్లస్ (కేంద్రం ఏటా సేకరించే బడుల గణాంకాలు) లెక్కల్లో ఒకే టీచరుతో నడిచే బడులు దేశంలో అన్నిటికంటే ఎక్కువగా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి, 12,912. వాటిలో కొన్నింట్లో పిల్లలు తక్కువ కాబట్టే ఒక్క టీచరు ఉన్నారన్నది నిజమే. అయినా ఐదు తరగతులకు ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరు సెలవు పెట్టిన రోజు బడి మూతే. చట్టం షెడ్యూలు 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లని రాసింది ఇందుకే.

నియామకాల సంగతి ముందు చెబుతాను. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ పెద్ద నియామకం పూర్తయింది 2024లో. ఏపీలో 2018 తర్వాత 2025లో. మధ్యలో నోటిఫికేషన్లు వచ్చాయి, రద్దయ్యాయి. ఏడేళ్లు ఆగి ఒక్కసారిగా వేలమందిని తీసుకుంటే కనిపించని నష్టాలు రెండున్నాయి. ఆ ఏడేళ్లలో ఖాళీ ఉన్న బడిలో చదివిన పిల్లలు ప్రాథమిక విద్య దాటేసి ఉంటారు. వాళ్లకు ఇక ఎవరూ ఏమీ తిరిగివ్వలేరు. రెండోది, ఒకే ఏడాది చేరినవాళ్లందరూ ఒకే ఏడాది బదిలీకి అర్హులవుతారు, పదోన్నతి అడుగుతారు, దాదాపు ఒకేసారి రిటైరవుతారు. ఇవాళ తీసుకున్న గుంపు ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ అదే గొయ్యి తవ్వుతుంది.

టీచరు రిటైర్మెంటు హఠాత్తుగా వచ్చిపడేది కాదు. చేరిన రోజే సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ ఉంటుంది. వచ్చే మూడేళ్లలో ఏ బడిలో ఏ సబ్జెక్టు టీచరు ఏ నెలలో దిగిపోతారో ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో ఒక పూటలో చెప్పవచ్చు. దీనికి తోడు తెలంగాణ 2021లో రిటైర్మెంటు వయసును 58 నుంచి 61కి, ఏపీ 2022 జనవరిలో 60 నుంచి 62కి పెంచాయి. దాంతో కొంతకాలం రిటైర్మెంట్లు దాదాపు ఆగిపోయి ఖాళీలు పెద్దగా లేవన్నట్టు కనిపించింది. 2024 నుంచి రెండు చోట్లా మళ్లీ మొదలయ్యాయి. ఇది ముందే తెలిసిన విషయం, కొత్త టీచర్లను 2024 జూన్‌కే సిద్ధంగా ఉంచవలసింది.

అందుకే నేను కోరేది ఏటా ఒక డీఎస్సీ, చిన్నదైనా సరే. నవంబరులో ఖాళీల లెక్క, జనవరిలో పరీక్ష, ఏప్రిల్‌లో ఎంపిక, మేలో శిక్షణ, జూన్ 12న బడి తెరిచేసరికి టీచరు బడిలో. తెలంగాణ 2024లో నియామక పత్రాలు ఇచ్చింది అక్టోబరు 9న. ఏపీ 2025లో సెప్టెంబరు 25న ఇచ్చింది, కొత్తవాళ్లు బడుల్లోకి వెళ్లేసరికి అక్టోబరు. అంటే పిల్లలు అప్పటికే నాలుగు నెలలు నష్టపోయారు. ఇంకో చిన్న మార్పు కూడా అవసరం. డీఎస్సీలో వెయిటింగ్ లిస్టు ఉండదు. ఎంపికైనవాళ్లు చేరకపోతే ఆ పోస్టు మళ్లీ నోటిఫికేషన్ దాకా ఖాళీయే. ఒకే అభ్యర్థికి రెండుమూడు ఉద్యోగాలు వస్తే మిగతా పోస్టులు ఎలా మిగిలిపోతాయో తెలంగాణ గురుకుల నియామకాల్లో, పై పోస్టుల నుంచి మొదలుపెట్టి కిందికి భర్తీ చేయాలన్న అవరోహణ క్రమం గొడవప్పుడు అందరం చూశాం. ఏపీ 2025లో అభ్యర్థుల ప్రాధాన్యం ముందే తీసుకోవడం మంచి అడుగే. దానికి ఆరు నెలలు చెల్లే వెయిటింగ్ లిస్టు తోడైతే చాలా పోస్టులు మిగలవు.

ఇప్పుడు అసలు విషయం, నిలవడం. ప్రభుత్వ టీచరు ఉద్యోగం వదిలి వెళ్లడం అరుదు. గ్రూప్-2కో, జూనియర్ లెక్చరర్ పోస్టుకో కొందరు వెళ్తారు, అంతే. మనవాళ్లు ఉద్యోగం వదలరు, బడిని వదులుతారు. కాబట్టి మన దగ్గర నిలుపుకోవడమంటే బదిలీల విధానమే.

బదిలీలు ఎలా జరుగుతాయో తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. ఏపీలో బడులను ఇంటి అద్దె భత్యం శాతాన్ని బట్టి, రోడ్డు సౌకర్యాన్ని బట్టి నాలుగు కేటగిరీలు చేశారు. పట్నం బడిలో ఏడాది చేస్తే 1 పాయింటు, రోడ్డు కూడా లేని నాలుగో కేటగిరీ బడిలో ఏడాది చేస్తే 5 పాయింట్లు. సర్వీసుకు, కొన్ని ప్రత్యేక పరిస్థితులకు ఇంకొన్ని. పాయింట్లు ఎక్కువున్నవాళ్లు ముందు కోరుకుంటారు. 2025లో దీనికి బదిలీల నియంత్రణ చట్టం కూడా వచ్చింది. సిఫార్సు ఉత్తరాల కాలంతో పోలిస్తే ఇది ఎంతో న్యాయమైన పద్ధతి. ఆ రోజులు చూసినవాణ్ణి కాబట్టి దీన్ని తేలిగ్గా తీసిపారేయను.

కానీ ఒకటి గమనించండి. కష్టమైన బడిలో చేసినందుకు ఇచ్చే బహుమానం ఏమిటి? ఆ బడి నుంచి బయటపడే హక్కు. అక్కడే ఉండిపోయినందుకు ఏమీ లేదు. పైగా 8 విద్యా సంవత్సరాలు నిండితే బదిలీ తప్పనిసరి. పిల్లల భాష నేర్చుకుని, ఊరితో కలిసిపోయి, ఇక్కడే ఉంటానని అనుకునే టీచరు కూడా వెళ్లవలసిందే. అలాంటివాళ్లు తక్కువే, కానీ ఉన్నారు. వాళ్లను నిబంధన పేరుతో కదిలించడం నాకు ఎప్పుడూ బాధగానే ఉండేది. మూడు, నాలుగు కేటగిరీ బడుల్లో టీచరు కోరుకుని, పాఠశాల యాజమాన్య కమిటీ ఒప్పుకుంటే అక్కడే కొనసాగే వీలుండాలి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ముందు పాతవాళ్ల బదిలీలు, పదోన్నతులు అవుతాయి. అందరూ కోరుకోగా మిగిలిన చోట్లు కొత్త డీఎస్సీవాళ్లకు వస్తాయి. మిగిలేవి ఏవి? బస్సు లేని ఊళ్లు, ఏజెన్సీ గూడేలు, ఏకోపాధ్యాయ పాఠశాలలు. అంటే అన్నిటికంటే కష్టమైన పని, ఐదు తరగతులను ఒకేసారి నడపడం, ఇంకా ఒక్క తరగతినైనా నడపని వాళ్లకు అప్పజెబుతున్నాం. పక్కన అడగడానికి ఇంకో టీచరు లేరు, సెల్ సిగ్నల్ లేదు, హెచ్ఎం కూడా తనే. వాళ్లు పని నేర్చుకునేసరికి బదిలీకి అర్హత వస్తుంది. వెళ్లిపోతారు. వాళ్ల స్థానంలో మళ్లీ కొత్తవాళ్లు. ఆ ఊరి పిల్లలకు ఎప్పుడూ నేర్చుకుంటున్న టీచరే, నేర్చిన టీచరు పట్నంలో. ఇందులో టీచర్ల తప్పేమీ లేదు. పిల్లల చదువు, భార్యాభర్తల ఉద్యోగాలు, ముసలి తల్లిదండ్రులు అందరికీ ఉంటారు.

దీనికి తోడు రిలీవ్ కాకపోవడం ఒకటి. బదిలీ ఉత్తర్వు చేతికి వస్తుంది, కానీ ఏకోపాధ్యాయ పాఠశాల కాబట్టి ఇంకొకరు చేరేదాకా వదలరు. నెలలు గడుస్తాయి. బడి మూతపడకూడదు కాబట్టి అధికారి కోణంలో అది సరైనదే. కానీ ఉత్తర్వు జేబులో పెట్టుకుని పాఠం చెప్పే మనిషి మనసు అక్కడ ఉండదు. ఆ చుట్టుపక్కల చేరాలనుకునేవాళ్లు ఈ కథ విని ముందే జాగ్రత్తపడతారు. అక్కడికి పోతే మళ్లీ రానివ్వరు అన్న పేరు ఒకసారి వచ్చిందంటే ఏ ప్రోత్సాహకమూ దాన్ని చెరపలేదు.

కాబట్టి నా మొదటి సలహా, కొత్తవాళ్లను మొదటి రెండేళ్లు ఒంటరి బడికి పంపవద్దు. ముగ్గురు నలుగురు టీచర్లున్న బడిలో, అనుభవజ్ఞులైన హెచ్ఎం దగ్గర వేయాలి. దానికోసం బదిలీలకంటే ముందే అలాంటి బడుల్లో కొన్ని పోస్టులు కొత్తవాళ్ల కోసం పక్కన పెట్టాలి. సంఘాలు ఒప్పుకోవడం కష్టం, నాకు తెలుసు. సీనియర్ల అవకాశాలు తగ్గుతాయి. అందుకే కష్టమైన బడికి వెళ్లే సీనియరుకు నిజంగా లెక్కలోకి వచ్చేది ఏదో ఇవ్వాలి.

ఇప్పుడు ఇస్తున్నది చూడండి. ఏపీలో 2022 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం ఇంటి అద్దె భత్యం జిల్లా కేంద్రంలో 16 శాతం, పల్లెలో 10 శాతం. ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) ప్రారంభ మూల వేతనం 32,670 రూపాయలు. అంటే పల్లెలో చేసేవాళ్లకు నెలకు దాదాపు 1,960 రూపాయలు తక్కువ. తెలంగాణలో హైదరాబాద్‌లో 24 శాతం, పల్లెల్లో 11 శాతం. అద్దెలు పట్నంలో ఎక్కువ కాబట్టి భత్యం అలా ఉండటం సరే. కానీ పల్లెలో పనిచేసే టీచరు చాలాసార్లు పట్నంలోనే కాపురముండి, పట్నం అద్దే కడుతూ, పైన పెట్రోలు ఖర్చు భరిస్తారు. కష్టమైన చోట పనిచేసేవాళ్లకు జీతం తక్కువ వచ్చే ఏర్పాటు ఇది. గిరిజన ప్రాంతాల భత్యం ఉంది, కానీ దాని పరిమాణం చూసి ఎవరూ నిర్ణయం మార్చుకోరు. నాలుగో కేటగిరీలో మూల వేతనంలో కనీసం 20 శాతం ప్రత్యేక భత్యం ఇస్తే తేడా కనిపిస్తుందని నా అంచనా. రాష్ట్రంలో అలాంటి బడులు మొత్తంలో చిన్న భాగం కాబట్టి ఖజానాకు భారమూ కాదు. రెండోది నివాసం. మండల కేంద్రంలో నాలుగైదు కుటుంబాలు ఉండగల క్వార్టర్లు, అక్కడి నుంచి బడులకు బస్సు వేళలు. కొత్తగా చేరేవాళ్లలో మహిళలు ఎక్కువ. వాళ్లకు భత్యంకంటే ముందు కావలసింది సాయంత్రం తిరిగొచ్చే బస్సు, బడిలో నీళ్లున్న మరుగుదొడ్డి. టీచర్లు దొరకని ఊళ్ల జాబితా, సాయంత్రం బస్సు లేని ఊళ్ల జాబితా పక్కపక్కన పెడితే ఎక్కువ పేర్లు రెండింట్లోనూ కనిపిస్తాయి.

ఏజెన్సీ సంగతి విడిగా చెప్పాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచర్లు బడికి రావడం లేదన్న కారణంతోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2000 జనవరి 10న జీవో 3 ఇచ్చి, అక్కడి టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమని దాన్ని కొట్టేసింది. కోర్టు తీర్పు తీర్పే. కానీ జీవో పోయినా దానికి కారణమైన అవసరం పోలేదు. ఒకటో తరగతి పిల్లవాడు సవరలోనో, కోయలోనో, గోండిలోనో మాట్లాడతాడు. ఆ భాష వచ్చి, ఆ కొండల్లో ఇల్లున్న టీచరు మాత్రమే వర్షాకాలంలో కూడా బడి తెరవగలరు. రాజ్యాంగ పరిధిలోనే చేయగలిగినవి ఉన్నాయి. ఆ పోస్టులకు స్థానిక గిరిజన భాషలో పరీక్షను అర్హతగా పెట్టవచ్చు, అది ఏ కులంవారికైనా వర్తిస్తుంది. ఇంటర్ పూర్తిచేసిన గిరిజన పిల్లలను ఏటా ఎంపిక చేసి, హాస్టల్, స్టైపెండ్ ఇచ్చి డైట్‌లో (జిల్లా టీచరు శిక్షణ సంస్థలో) చదివించి, టెట్‌కు, డీఎస్సీకి ప్రభుత్వమే తయారుచేయవచ్చు. 2020 జాతీయ విద్యావిధానంలో కూడా గ్రామీణ విద్యార్థులకు బీఎడ్ స్కాలర్‌షిప్పులు, చదువయ్యాక సొంత ప్రాంతంలో ఉద్యోగం అన్న ఆలోచన ఉంది. మన రాష్ట్రాలు దాన్ని గట్టిగా పట్టుకోవలసింది ఇక్కడే.

ఇది ఆలస్యం చేయకూడని పని, ఎందుకంటే 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులకు బీఎడ్ అర్హత చెల్లదని తేల్చింది. ఇక ఎస్జీటీ పోస్టుకు డీఎడ్ (ప్రాథమిక టీచర్ల డిప్లొమా) లాంటి శిక్షణ పొందినవాళ్లే కావాలి. మన డైట్లలోనే అధ్యాపకుల పోస్టులు ఖాళీగా ఉంటే ఆ డీఎడ్ చెప్పేదెవరు? టీచర్ల కొరత గురించి మాట్లాడే చర్చల్లో డైట్ల ప్రస్తావన రాకపోవడం నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం.

కాంట్రాక్టు, విద్యా వాలంటీర్ల సంగతి అడుగుతారని తెలుసు. ఒకప్పుడు నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లు పనిచేశారు. తర్వాత విద్యా వాలంటీర్లు వచ్చారు, గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో సీఆర్టీలు (కాంట్రాక్టు రెసిడెన్షియల్ టీచర్లు) వచ్చారు. వీళ్లు పనికిరారని నేననను. ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనంలో, అదనంగా కాంట్రాక్టు టీచరును ఇచ్చిన బడుల్లో పిల్లలు మెరుగ్గా నేర్చుకున్నారు, ఆ టీచర్ల గైర్హాజరు కూడా రెగ్యులర్ టీచర్లకంటే తక్కువని తేలింది. దీన్ని చూపించి తక్కువ జీతానికే పని అవుతుంది కదా అనేవాళ్లున్నారు. నేను అర్థం చేసుకున్నది వేరు. వాళ్లు ఎక్కువగా ఆ ఊరివాళ్లో పక్క ఊరివాళ్లో. బడికి దగ్గరగా ఉండటం పనిచేసింది, జీతం తక్కువ కావడం కాదు. ఆ దగ్గరితనాన్ని పూర్తి జీతంతో, పూర్తి అర్హతతో ఎందుకు ఇవ్వకూడదు? ప్రసూతి సెలవు, మధ్యలో రిటైర్మెంటు లాంటి తాత్కాలిక ఖాళీలకు మాత్రం మండలానికి ఒక వాలంటీర్ల జాబితా సిద్ధంగా ఉండాలి. ఏళ్ల తరబడి ఒక రెగ్యులర్ పోస్టును వాలంటీరుతో నెట్టుకురావడం ఆ మనిషికీ అన్యాయం, పిల్లలకూ అన్యాయం.

ఇక వర్క్ అడ్జస్ట్‌మెంట్, అంటే టీచరును తాత్కాలికంగా వేరే చోట పనికి వేయడం. కాగితం మీద పోస్టు గూడెంలో నిండి ఉంటుంది, మనిషి పట్నం దగ్గరి బడిలోనో, ఆఫీసులోనో ఉంటారు. పిల్లలు పెరిగిన బడికి అవసరం కొద్దీ పంపే సర్దుబాటు ఉండాలి, అది వేరు. సిఫార్సు మీద జరిగేవి మాత్రం అందరి ఎదుటా కౌన్సెలింగ్‌లో జరిగిన న్యాయాన్ని తర్వాత చాటుగా చెరిపేస్తాయి. ప్రతి సర్దుబాటు ఉత్తర్వునూ కారణంతో సహా జిల్లా వెబ్‌సైటులో పెట్టాలన్న ఒక్క నిబంధన చాలు, సగం ఆగిపోతాయి.

చదువు చెప్పడం కాని పనులు కూడా మనుషులను బడికి దూరం చేస్తాయి. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే బోధనేతర పనులకు టీచర్లను వాడకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. యాప్‌లలో ఫొటోలు, వివరాలు ఎక్కించడం ఆ మూడింట్లో లేదు. ఒంటరి బడిలో దానికి పోయే గంట నేరుగా పాఠం నుంచే పోతుంది. నాలుగైదు బడులకు కలిపి ఒక కంప్యూటర్ సహాయకుణ్ణి ఇస్తే తీరే సమస్య ఇది.

2025 సెప్టెంబరు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు సంగతి కూడా మరవకండి. రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి సర్వీసున్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. పాతిక ఏళ్లుగా పాఠం చెబుతున్నవాళ్లు బెదిరిపోయి ఉన్నారు. ప్రభుత్వం వాళ్లకు సెలవుల్లో ఉచిత శిక్షణ, ఏడాదికి కనీసం రెండు టెట్‌లు ఏర్పాటు చేయాలి. లేకపోతే అనుభవమున్న మనుషులను మన చేతులతో పోగొట్టుకుంటాం.

మీ మండలం మాటకు వస్తాను. ఎంఈవో ఆఫీసులో, అక్కడ ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తుతో, బడుల వారీగా నాలుగు వివరాలు అడగండి: మంజూరైన పోస్టులు, ఉత్తర్వుల ప్రకారం ఉన్నవాళ్లు, నిజంగా ఆ బడిలో పాఠం చెబుతున్నవాళ్లు, వచ్చే మూడేళ్లలో రిటైరయ్యేవాళ్లు. పేర్లు అక్కర్లేదు, సంఖ్యలు చాలు. డీఈవోకు (జిల్లా విద్యాధికారికి) రాసే వినతిపత్రంలో మండలంలో ఇన్ని ఖాళీలున్నాయని రాయకండి, దానికి జిల్లా సగటు చూపించి జవాబు చెబుతారు. బడి పేరు, యూడైస్ కోడ్, పిల్లల సంఖ్య, ఖాళీ శాతం వరుసగా రాసి, 26వ సెక్షన్ ప్రస్తావించి, పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం జతచేయండి. బదిలీల షెడ్యూలు సాధారణంగా వేసవి సెలవుల్లో వస్తుంది. ఖాళీల జాబితా ఖరారయ్యాక ఎవరూ ఏమీ చేయలేరు కాబట్టి మీ కాగితం మార్చిలోపే అక్కడికి చేరేలా చూసుకోండి.